తొమ్మిదో తరగతి పాపకు ఇంగ్లిష్: వినిపించాలా, చదివించాలా?

హసన్‌పర్తి నాన్న:
మా పాప సర్కారు బడిలో తొమ్మిది చదువుతోంది. ఐదు దాకా తెలుగు మీడియం. 2022లో సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పుడు ఆరో తరగతిలో మారింది. ఇంగ్లిష్‌లో మార్కులకు లోటు లేదు. మొన్న మొక్కల మీద ఒక ఇంగ్లిష్ వీడియో పెడితే కాసేపు చూసి, "ఏమంటుండో సమజైతలేదు నాన్నా" అన్నది. ఆయన అన్న నాలుగు వాక్యాలు కాగితం మీద రాసిచ్చిన. మూడింటికి అర్థం చెప్పింది. అంటే మాటలు తెలుసు, చెవికి అందట్లేదు. హోంవర్క్ పోను రోజుకు అరగంట మిగులుతుంది. అది వినడానికి పెట్టాలా, చదవడానికా? మా ఇంట్లో దీని మీద రోజూ పంచాయితీ.

కాజీపేట జంక్షన్:
ఇందులో చర్చేముంది అన్నా? పదో తరగతి పబ్లిక్ పరీక్షలో వినే ప్రశ్న ఒక్కటి లేదు. అంతా రాతే. పాఠంలోని పాసేజ్, పాఠంలో లేని పాసేజ్, వాటి కింద ప్రశ్నలు. నేను ట్యూషన్ చెప్తా, పద్ధతి కూడా చెప్తా. ముందు ప్రశ్న చదవాలి. అందులో ముఖ్యమైన మాట కింద గీత గీయాలి. అదే మాట పాసేజ్‌లో ఎక్కడుందో వెతకాలి. ఆ వాక్యం దించాలి. బాసర ట్రిపుల్ ఐటీలో సీటు పది మార్కుల మీద ఇస్తారు, చెవి చూసి ఇవ్వరు.

సినిమా పిచ్చి:
ఇంగ్లిష్ సినిమాలు సబ్‌టైటిల్స్‌తో చూపించండి. అదే వస్తుంది.

పరకాల తమ్ముడు:
ఆ "వాక్యం దించాలి" పద్ధతిలోనే నేనూ పది పాసైన, మంచి మార్కులతోనే. ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో మొదటి క్లాసు నుంచి మోత మొదలైంది. సారు మాట్లాడుతుంటే అక్కడో మాట ఇక్కడో మాట తెలుస్తది, మధ్యలో ఏం జరిగిందో తెల్వది. బోర్డు మీదున్నది రాసుకునుడే. సారు జోకేస్తే పక్కోళ్లను చూసి నవ్వుడు. సబ్జెక్ట్ రాక కాదు, వినడం రాక బ్యాక్‌లాగ్‌లు పడ్డయి. అన్నా, అరగంట మొత్తం వినిపించండి. వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో వాళ్లు 1959లోనే స్పెషల్ ఇంగ్లిష్ అని మొదలుపెట్టిన్రు. సుమారు 1500 మాటలతోనే వార్తలు, మామూలు కన్నా నెమ్మదిగా చదివేది. పాత ఆడియోలు నెట్‌లో ఇంకా ఉన్నయి.

కాజీపేట జంక్షన్:
అమెరికా యాస హసన్‌పర్తి పాపకు ఎందుకు తమ్మీ? కాల్ సెంటర్‌లో పెడతవా?

సినిమా పిచ్చి:
సబ్‌టైటిల్స్ ఉంటే యాస ప్రాబ్లం ఉండదు.

పాకాల టీచరమ్మ:
నేను నర్సంపేట దగ్గర సర్కారు హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్తాను. యాస సంగతి తర్వాత. చదివితే తెలిసిన మాట వింటే ఎందుకు తెలియట్లేదో ముందు చూద్దాం. మన తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది, ప్రతి అక్షరం వినిపిస్తుంది. ఇంగ్లిష్ వాళ్లు వాక్యంలో రెండు మూడు చోట్ల నొక్కి మిగతాది మింగేస్తారు. "వాట్ డిడ్ యు ఈట్" అని పుస్తకంలో ఉన్నది నోట్లోంచి "వాడిజ్యు ఈట్" అని వస్తుంది. మన పిల్ల ఆ నాలుగు మాటల కోసం చెవులు రిక్కించి కూర్చుంటుంది. అవి రావు.

మా బడిలో జరిగేది కూడా చెప్తాను. పాఠ్యపుస్తకంలో వినే అభ్యాసాలు ఉన్నాయి. టీచర్ చదవాల్సిన ఆ పాఠాలు పుస్తకం చివరే అచ్చేసి ఉంటాయి. నేను చదవడం మొదలుపెట్టగానే ముప్పై పుస్తకాలు వెనక్కి తిరుగుతాయి. వేలు పెట్టి నాతోపాటు చదువుతారు. ఇక అది వినడం ఎట్లా అవుతుంది? అందుకే పుస్తకాలు మూయించి, ఒకసారి మామూలు వేగంతో చదివి, "ఏం జరిగిందో తెలుగులో చెప్పండి" అంటాను. రెండోసారి చదివాక ప్రశ్నలు. పుస్తకం తెరిచేది మూడోసారే. రాసింది చూస్తూ వింటే మింగేసిన మాటలు ఎక్కడున్నాయో అప్పుడు దొరుకుతాయి. సబ్‌టైటిల్స్‌కైనా ఇదే లెక్క. మొదటిసారే పెడితే కన్ను పని చేస్తుంది, చెవి పడుకుంటుంది.

సినిమా పిచ్చి:
నేను సబ్‌టైటిల్స్‌తోనే నేర్చుకున్నా మేడం. ఆఫీసులో అందరికన్నా బాగా మాట్లాడతా.

పాకాల టీచరమ్మ:
తెలుగు సబ్‌టైటిల్సా, ఇంగ్లిషా?

సినిమా పిచ్చి:
ముందు తెలుగు. తర్వాత ఇంగ్లిష్. తర్వాత తీసేశా.

పరకాల తమ్ముడు:
చూసిన్రా, ఆఖరికి తీసేసిండు!

సినిమా పిచ్చి:
ముందు పెట్టా కదా, అదే నేను చెప్పేది.

కాజీపేట జంక్షన్:
సబ్‌టైటిల్స్ మీద పీహెచ్‌డీ అయిందా? మేడం, మీరు చెప్పింది బాగుంది. పరీక్షలో ఎన్ని మార్కులు దానికి?

పాకాల టీచరమ్మ:
పదిలో లేవు. 2023-24 నుంచి ఇంటర్ ఫస్టియర్‌లో ఇంగ్లిష్ ప్రాక్టికల్స్‌కు 20 మార్కులు పెట్టారు. రాసేది 80కే.

కాజీపేట జంక్షన్:
ఆ 20కి 20 ఎవరికి రాలేదో ఒక్కరిని చూపించండి.

పాకాల టీచరమ్మ:
సరే, మార్కుల దగ్గరే మాట్లాడదాం. మీ పద్ధతి మార్కులకైనా ఎంతవరకు పనికొస్తుందో చూడండి. నేను రాసి ఇచ్చిన పాసేజ్‌లో ఒక వాక్యం: "ఆల్దో ద ట్యాంక్ వాజ్ ఫుల్, ద ఫార్మర్స్ డిడ్ నాట్ గెట్ వాటర్ అంటిల్ ద స్లూయిస్ వాజ్ రిపేర్డ్." ప్రశ్న: రైతులకు నీళ్లు ఎందుకు అందలేదు? సగం క్లాసు రాసిన జవాబు: "బికాజ్ ద ట్యాంక్ వాజ్ ఫుల్." చెరువు నిండింది కాబట్టి నీళ్లు రాలేదట! వీళ్లు పాకాల చెరువు కింద పొలాలున్న ఇళ్ల పిల్లలు. తూము పాడైతే ఏమవుతుందో నాకన్నా బాగా తెలుసు. తెలుగులో అడిగితే నవ్వి, "తూము ఖరాబైంది టీచర్" అన్నారు. ప్రశ్నలో ఫార్మర్స్, వాటర్ కనపడగానే పాసేజ్‌లో ఆ వాక్యం పట్టుకుని మొదటి ముక్క దించేశారు. అలా వెతకడం అందరికీ వచ్చు. చదవడం రాదు.

కాజీపేట జంక్షన్:
వాక్యం మొత్తం దించమని చెప్తా నేను. మొత్తం దించితే మార్కు పడుతుంది.

పాకాల టీచరమ్మ:
పడుతుంది. నా బాధ అదే. పాసేజ్ పిల్ల స్థాయికి తగ్గట్టు ఉంటే ఈ వెతుకులాటే ఉండదు. 2000లో హూ, నేషన్ అని ఇద్దరు పరిశోధకులు చూశారు. ఎవరి సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే పేజీలోని మాటల్లో నూటికి 98 దాకా తెలిసి ఉండాలని తేల్చారు. అంటే తొమ్మిదో తరగతి పిల్లకు ఆరో తరగతి పుస్తకం ఇచ్చి ఇష్టంగా చదివించాలి.

కాజీపేట జంక్షన్:
98 తెలిసిన పిల్ల నా దగ్గరికి ఎందుకొస్తది మేడం? ఆరో తరగతి పుస్తకం ఇస్తే చున్నీ కింద దాచుకుంటరు, పక్కపిల్ల చూస్తదని. మీకు జీతమొస్తది, పుస్తకాలొస్తయి. నా దగ్గరికి సంక్రాంతి అయినంక వచ్చి, "మార్చిలో పరీక్ష, ఎట్లనన్న గట్టెక్కించు సారూ" అంటరు.

పరకాల తమ్ముడు:
గట్టెక్కిస్తరు. తర్వాత మునిగేది మేమే గదా. మా ట్యూషన్ సారు మా నాన్నతోని ఏమన్నడో తెలుసా? "మీవానికి ఇంగ్లిష్‌ల తిరుగులేదు." మా నాన్న ఊరంతా చెప్పుకున్నడు. ఆ మాట నమ్మే అప్పు చేసి నన్ను చేర్పించిండు. నాకు ఒక్క లెక్చర్ సమజ్ కాలేదని నేను ఇంట్లో ఎట్ల చెప్పాలె? మీరంతా ఒక్కటే సార్. నెలనెలా ఫీజు కోసం తల్లిదండ్రుల కండ్లకు గంతలు కడతరు.

కాజీపేట జంక్షన్:
నోరు అదుపులో పెట్టుకో. నీకు చెప్పిన సారు నేను కాదు. బ్యాక్‌లాగ్‌లు నీవి, తప్పు మావాళ్లదా?

మోడరేటర్:
దీని తర్వాతి రెండు పోస్టులు తీసేశాం. ఇంటిపేర్ల దాకా పోకండి.

హసన్‌పర్తి నాన్న:
అయ్యా, నేను అడిగింది అరగంట గురించి.

కాజీపేట జంక్షన్:
అరగంట గురించే చెప్తున్న అన్నా, ఉన్నదున్నట్టు చెప్తా వినండి. ఒక పిల్ల తండ్రికి నేను నిజం చెప్పిన. "మార్కులొస్తున్నయి గాని చదివింది అర్థమైతలేదు, రోజూ కొంచెం వినిపించండి, చిన్న చిన్నవి చదివించండి" అన్న. ఆయన కోపానికి రాలేదు. తల ఊపి పోయిండు. మరుసటి నెల పిల్ల రాలేదు. పది అయినంక ఇంటర్‌లో చేర్పియ్యలేదు. బజార్ల కలిస్తే అడిగిన. "సమజ్ కానప్పుడు ఎందుకు సారూ ఖర్చు" అన్నడు. పెండ్లి చేసిండు. అప్పటిసంది ఆడపిల్లల తండ్రులకు మార్కులే చెప్తా. మార్కులు కనపడ్డన్ని దినాలు పిల్ల చదువు నడుస్తది. తమ్మీ, మీ నాన్నకు ఆ సారు నిజమే చెప్పి ఉంటే నిన్ను ఇంజినీరింగ్‌కు పంపేవాడా? అది చెప్పు ముందు.

పరకాల తమ్ముడు:
పంపేవాడో లేదో. కనీసం నాకన్నా చెప్పి ఉంటే ఆ వేసవి సెలవుల్లో ఏదో ఒకటి చేసుకునేటోన్ని గదా. నాకు కూడా చెప్పలేదు.

పాకాల టీచరమ్మ:
కాజీపేట సార్, మీరన్న భయం నాకూ తెలుసు. మా బడిలోనూ తొమ్మిదిలో ఉన్న ఆడపిల్లలు పదికి రారు కొందరు. కానీ తండ్రికి చెప్పకపోవడం వేరు, పిల్లకు చెప్పకపోవడం వేరు. పిల్ల చేతిలో ఉన్నది పిల్లకు చెప్పాలి కదా.

కాజీపేట జంక్షన్:
పిల్లకు చెప్తే ఇంట్లో చెప్తది.

కోరుట్ల అమ్మ:
అందరూ చెప్పిన్రు, నేను ఒక్కటి అంట. మా ఇంట్లో ఫోన్ ఒక్కటే, మా ఆయన పట్టుకొని పోతడు, రాత్రి తొమ్మిదికి వస్తడు. నేను బీడీలు చేస్త. మా బిడ్డ ఎనిమిది. వీడియోలు, ఆడియోలు అంటే మాకు కుదరది. సారూ, మీరు మాకు నిజం చెప్పుండ్రి. మేము మాన్పియ్యం. సమజైతలేదని తెల్వకనే గదా మేము ఊకుంటున్నం. ఫోన్ లేకుంట ఏమన్న ఉందా?

పాకాల టీచరమ్మ:
ఉంది అక్కా. మీ పాప సైన్స్, సోషల్ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు ఉంటుంది. పిల్లలు తెలుగు పేజీ చదివి, ఇంగ్లిష్ పేజీ బట్టీ పడతారు. దాన్ని తిరగెయ్యండి. తెలుగు పేజీ మీద నోటుబుక్కు పెట్టి మూసెయ్యాలి. ఇంగ్లిష్‌లో ఒక పేరా చదివి, అందులో ఏముందో మీకు తెలుగులో చెప్పమనండి. చెప్పాక నోటుబుక్కు తీసి తెలుగు పేజీ చదివి వినిపించాలి. తేడా వచ్చిందా లేదా మీకే తెలుస్తుంది, మీకు ఇంగ్లిష్ రానక్కర్లేదు. వారానికి రెండు రోజులు ఇంకో పిల్ల వచ్చి పేరా పైకి చదవాలి, మీ పాప పుస్తకం చూడకుండా విని చెప్పాలి. టీవీలో సర్కారు వాళ్ల పాఠాల ఛానల్ టీ-శాట్ విద్య వస్తుంటే అది కూడా పెట్టండి, చెప్పేది మనవాళ్లే.

కోరుట్ల అమ్మ:
బీడీలు చుట్టుకుంట వినొచ్చు. చేస్త టీచరమ్మా.

సినిమా పిచ్చి:
టీ-శాట్‌లో సబ్‌టైటిల్స్ వస్తాయా?

హసన్‌పర్తి నాన్న:
అందరికీ దండాలు. మా ఇంట్లో పంచాయితీ వినడమా చదవడమా అని కాదు, ఇప్పుడు చెప్పేస్తా. పాపకు ఫోన్ ఇయ్యొద్దని నేను, ఇయ్యాలని వాళ్లమ్మ. సగం నిమిషం ఆడియోకు ఫోన్ ఇస్తే మిగతా ఇరవై తొమ్మిదిన్నర నిమిషాలు ఏం చూస్తదో అని నా భయం. టీచరమ్మ చెప్పిన నోటుబుక్కు పద్ధతి వారంలో నాలుగు రోజులు పెడతా. మిగతా రోజులు ఫోన్ నా చేతిలో పెట్టుకొని, పక్కన కూర్చొని వినిపిస్తా.

పరకాల తమ్ముడు:
అన్నా, పక్కన కూర్చుంటే పాప ఒక్క మాట నోరు తెరవదు. నేనైతే తెరిచేటోన్ని కాదు.

కాజీపేట జంక్షన్:
కూర్చోండి అన్నా, ఏం కాదు. వచ్చే ఏడాది ప్రీఫైనల్ మార్కులు వచ్చినంక నాకు మెసేజ్ పెట్టండి. పాసేజ్‌లు నా దగ్గర కట్టలు కట్టలున్నయి.