మన ఆడిటోరియం రిపేర్లు: ఈ వేసవికి నాటకాలు ఉన్నట్టా, లేనట్టా?

బుగ్గవంక (చర్చ మొదలుపెట్టినవారు)
కడప సభ్యులందరికీ నమస్కారం. విషయం తెలిసే ఉంటుంది, మన ఆడిటోరియంకు రిపేర్లట. ఏసీ, పుష్‌బ్యాక్ కుర్చీలు, ఫాల్స్ సీలింగ్, స్టేజీ మీద టైల్స్. ఏప్రిల్ మొదట్లో తాళం వేసి వానలు పడేలోపు తీస్తామంటున్నారు. అంటే ఏప్రిల్ 16న తెలుగు నాటకరంగ దినోత్సవంతో మొదలై మే ఆఖరు దాకా సాగే మన వేసవి ఉత్సవాలు ఈసారి లోపల జరగవు. ఈ ఏడాదికి ఆపుకుందామా, గ్రౌండులో షామియానా వేసుకుందామా, రిపేర్లే వాయిదా వేయమందామా? ఆదివారం మీటింగ్ ఉంది. ఆలోపు మనలో మనం ఒక మాట అనుకుంటే మంచిది.

కారందోసె
ఏసీ రానీ సామీ. మేలో ఆ హాల్లో కూర్చుంటే నాటకం చూస్తున్నామా, ఉడుకుతున్నామా అర్థం కాదు.

మూడోగంట
వాయిదా కాదు, ప్లానే మార్చాలి. ఫాల్స్ సీలింగ్ జనం కూర్చునే చోటు వరకే అయితే నాకేం అభ్యంతరం లేదు. స్టేజీ మీదికి కూడా లాగుతారని విన్నా. 1885లో మన జిల్లా సురభి గ్రామంలో పుట్టింది సురభి నాటకం. ఆ కుటుంబాల వాళ్లు ఇప్పుడు హైదరాబాదులో లింగంపల్లి దగ్గర కాలనీ కట్టుకొని ఉన్నారు. 2013లో వాళ్ల బాబ్జీ గారికి పద్మశ్రీ కూడా వచ్చింది. రాక్షసుడు గాల్లో రావడం, బాణాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొట్టడం, అంతా తీగల మీద, కప్పీల మీద నడిచే పని. పైన జాగా లేకుంటే వాళ్లను పుట్టింటికి పిలిచి ఏం ఆడమంటాం?

పెన్నాగాలి
అన్నా, ఆ మొదటి ఆట, కీచకవధ, ఏ ఆడిటోరియంలో ఆడారు? పెళ్లి వేడుకలో. అంతకుముందు వాళ్లు తోలుబొమ్మలు ఆడించేవాళ్లు. హాలు లేకుండా పుట్టిన నాటకానికి ఇప్పుడు సీలింగ్ అడ్డమొచ్చిందా? గ్రౌండులో రాత్రి ఎనిమిదికి మొదలుపెడదాం, గాలి కూడా తగులుతుంది.

మూడోగంట
పెళ్లిలో పుట్టింది కాబట్టి పెళ్లిలోనే ఆడాలా? మీ తాత ఎద్దులబండిలో తిరుమలకు పోయినాడు, నువ్వూ బస్సెక్కొద్దు. సురభి వాళ్లు ఊరూరా తిరిగినప్పుడు గుడారం, తెరలు, కప్పీలు అన్నీ వెంట మోసుకెళ్లారు. పైన జాగా వాళ్లే కట్టుకున్నారు.

పెన్నాగాలి
గుడారంలో ఆడారని మీరే ఒప్పుకున్నారు. నేను చెప్పేదీ అదే.

మూడోగంట
నేను ఒప్పుకున్నది అది కాదు. మళ్లీ చదువు.

గజ్జెలు
పైకప్పు గురించి ఇంత కొట్లాడుతున్నారు, నేల గురించి ఒక్కరూ మాట్లాడరే? మా పాప ఏడేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. ఇప్పుడున్న స్టేజీ సిమెంటు మీద పరిచిన కడప బండ. వంటింటి గట్టుకు మన బండను మించింది లేదు, డ్యాన్సుకు మాత్రం పనికిరాదు. గట్టిగా అడుగు వేస్తే ఆ దెబ్బ నేల మింగదు, మోకాలికే తిరిగొస్తుంది.

టైల్స్ వేస్తే ఇంకా ఘోరం. కిందటేడు వేరే ఊళ్లో ఒక హాల్లో తరంగం చేస్తుంటే ఇత్తడి పళ్లెం సబ్బుబిళ్లలా జారింది. పాప కాళ్లు పళ్లెం అంచు మీద, తల మీద నీళ్ల చెంబు, పళ్లెమేమో స్టేజీ అంచుకు పోతోంది. మా టీచరమ్మ నట్టువాంగం తాళం ఆపకుండానే లేచి కాలు అడ్డం పెట్టింది. చెంబులో నీళ్లు సగం ఒలికాయి, పాప పడలేదు. చప్పట్లు మోగాయి, అదీ అభినయమే అనుకున్నారు జనం. చెక్క వేయమని అడగండి. చెక్క కింద అడ్డ దూలాలు, వాటి మధ్య కాస్త ఖాళీ ఉండాలి.

మూడోగంట
చెక్క వేస్తే మీ పళ్లాలతో నెలలోనే గీతలు పడతాయమ్మా.

గజ్జెలు
మీరు సెట్టింగు నిలబెట్టడానికి మేకులు కొట్టరా సార్? మేకు కంటే పళ్లెం నయం.

లైట్లబ్బి
నేను మాట్లాడకూడదనుకున్నా. పాతికేళ్లుగా ఈ జిల్లాలో స్టేజీలకు లైట్లు కడుతున్నా. సీనరీ తెర మొత్తం పైకి వెళ్లి కనపడకుండా ఉండాలంటే, స్టేజీ ముఖద్వారం ఎంత ఎత్తుందో దానికి రెండు, రెండున్నర రెట్లు పైన కప్పు ఉండాలి. మన హాల్లో అది మొదట్నుంచీ లేదు. సీలింగ్ వేసినా వేయకున్నా రాక్షసుడు పక్క వింగ్‌లోంచి నడిచే రావాలి.

అసలు భయం వేరే ఉంది. ఏసీ గొట్టం తెచ్చి స్టేజీ పైన, వేలాడే మైకుల పక్కన పెడితే పద్యం కంటే ముందు హోరు వినిపిస్తుంది. ఆ గొట్టం ఎక్కడ పెడతారో అడగండి.

మూడోగంట
మొదట్నుంచీ లేదంటున్నారు. కొలిచారా?

లైట్లబ్బి
ఎన్నిసార్లు నిచ్చెనెక్కి ఉంటా సార్. కంటికి తెలుస్తుంది.

మూడోగంట
కంటికి తెలిసేదానికి టేపెందుకు కనిపెట్టారు?

కారందోసె
ఏసీ సంగతి తేల్చండి ముందు.

పెన్నాగాలి
ఏసీ వస్తే కరెంటు బిల్లు ఎవరి నెత్తిన పడుతుందో అది తేల్చండి. అద్దె పెరిగితే ఒక చిన్న నాటక సమాజం హార్మోనిస్టుకు ఇస్తుందా, కరెంటుకు కడుతుందా? అందుకే గ్రౌండు అంటున్నా.

గజ్జెలు
సార్ బాధ సీలింగ్ కాదులెండి. పిల్లల ప్రోగ్రాములకు మంచి హాలు ఇవ్వడమే ఆయన బాధ.

మూడోగంట
అవును. అడిగారు కాబట్టి చెప్తా. కిందటి వేసవి ఉత్సవాల్లో సమ్మర్ క్యాంపు గెంతులకు సాయంత్రం ఆరు గంటల టైము ఇచ్చారు. మాకు మధ్యాహ్నం మూడు. మే నెల, కడప, మధ్యాహ్నం మూడు. హాల్లో పదకొండు మంది, అందులో ఇద్దరు ఫ్యాను కోసం వచ్చి కూర్చున్నవాళ్లు. నేను రాయబారానికి వచ్చిన కృష్ణుణ్ణి. ఎదురుగా దుర్యోధనుడికి చెమటకు గమ్ము కరిగి మీసం ఒక పక్క ఊడింది. ఆయన పద్యం ఆపలేదు, వేలితో మీసం నొక్కిపట్టుకొని రాగం తీశాడు. ముప్పై ఏళ్ల నుంచి వేషం వేస్తున్న మనిషి. దిగాక గ్రీన్‌రూంలో నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఈ ఏడాది వేషం వేయనన్నాడు.

గజ్జెలు
గెంతులా? కూచిపూడి మీకు గెంతులా?

ఆ ఉత్సవాల్లోనే ఇంకో రోజు ఒక నాటకం తర్వాత మా పిల్లల ప్రోగ్రాం. పద్యానికో వన్స్‌మోర్, వన్స్‌మోర్‌కో శాలువా. మావాళ్లు ఎక్కేసరికి రాత్రి పది దాటింది. మేకప్పులతోనే గోడకు ఆనుకొని నిద్రపోయారు. ఉన్నది ఒక్క బాత్రూం, దానికి గొళ్లెం లేదు. పన్నెండు మంది ఆడపిల్లలకు తల్లులం వంతులవారీగా చీర అడ్డం పట్టుకొని నిలబడ్డాం. తాడిపత్రిలో 1880లో పుట్టిన నటుడు బళ్లారి రాఘవ ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలన్నాడని మీలాంటి పెద్దలు ప్రతి సభలో చెప్తారు. వేస్తాం సార్. బట్టలు యాడ మార్చుకోవాలో అదీ చెప్పండి. రిపేర్ల లిస్టులో పుష్‌బ్యాక్ కుర్చీలున్నాయి. గ్రీన్‌రూం ఉందా? చూశారా ఎవరైనా?

బుగ్గవంక
ఇప్పుడే మళ్లీ చూశా. లేదు. గోడలకు రంగులు ఉన్నాయి, గేటుకు లైటింగ్ ఉంది. గ్రీన్‌రూం మాట లేదు.

పెన్నాగాలి
గ్రౌండులో అయితే అదీ ఉండదు కదా. ఒప్పుకుంటున్నా.

మూడోగంట
మా సమాజంలో ద్రౌపది వేసే ఆమె ఇంటి దగ్గరే మేకప్ వేసుకొని, నగలన్నీ పెట్టుకొని ఆటోలో వస్తుంది. ఎనిమిదేళ్లయింది. కిరీటం తగలకుండా తల బయటికి పెట్టి కూర్చుంటుందని మేమంతా నవ్వుకునేవాళ్లం. ఎందుకట్లా వస్తుందో నేనెప్పుడూ అడగలేదు.

గెంతులన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. టైము విషయంలో నా మాట నాదే.

గజ్జెలు
టైము విషయంలో మీతో నాకు గొడవ లేదు సార్. మూడు గంటలకు ఎవరినీ వేయకూడదు, పిల్లలనైనా.

లైట్లబ్బి
లిస్టులో గ్రీన్‌రూం, చెక్క నేల, ఏసీ గొట్టం ఎక్కడ పెడతారు, ఈ మూడూ రాయండి బుగ్గవంక గారూ. స్టేజీ ఎత్తు నేను కొలిచి చెప్తా, లేకుంటే పెద్దాయన ఊరుకోరు. ఆదివారం టేపు తెస్తా. నిచ్చెన పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి.

గజ్జెలు
మా ఆయన్ని పంపిస్తా.

కారందోసె
ఇంతకీ ఈ ఏడాది ఉత్సవాలు ఉన్నట్టా, లేనట్టా?

మూడోగంట
మీటింగ్ ఎన్ని గంటలకన్నారు?

బుగ్గవంక
పొద్దున పది అన్నారు. మూడుకు మారుస్తారేమో అంటున్నారు.

మూడోగంట
మూడుకైతే నేను రాను.