విచారణ, విచారం: ఈ రెండు మాటల మధ్య చుట్టరికం

విజయనగరం నుంచి, అనువాదకురాలు (చర్చ మొదలుపెట్టినది):

అందరికీ నమస్కారం. ఒక మాట నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. మీ ముందు పెడుతున్నాను.

నేను ఇంటి దగ్గర కూర్చుని వార్తలు అనువాదం చేస్తుంటాను. 2025 సెప్టెంబరు 11 కోసం ఒక కథనం ఇచ్చారు. 2001లో అమెరికాలో జరిగిన దాడుల కేసు, క్యూబా దీవిలో అమెరికా సైనిక స్థావరమైన గ్వాంటనామోలో ఇప్పుడు ఎంతవరకు వచ్చిందన్నది విషయం. తెలుగు చేసి, "9/11 కేసు విచారణలో మళ్లీ జాప్యం" అని శీర్షిక పెట్టి, మావయ్యగారికి చదివి వినిపించాను. ఆయన చీపురుపల్లి దగ్గర వ్యవసాయం చేసిన మనిషి. అంతా విని, "ఏటమ్మా, ఇరవై నాలుగేళ్లయినా ఇంకా ఇచారిస్తనే ఉన్నారేటి? ఎవులు చేసినారో తేలనేదా?" అన్నారు.

నాకు జవాబు తోచలేదు. ఆయన దృష్టిలో విచారణ అంటే పోలీసులు ఊళ్లోకి వచ్చి అడిగేది. నేను రాసింది కోర్టులో జరిగేది అనుకుని. అసలు నిజం ఈ రెండూ కాదు. ఆ కేసులో కోర్టు విచారణ ఇప్పటికీ మొదలు కాలేదు. 2012 మే 5న, ఈ దాడుల సూత్రధారిగా అభియోగం ఉన్న ఖాలిద్ షేక్ మొహమ్మద్‌తో కలిపి ఐదుగురిని మిలిటరీ కమిషన్ అనే సైనిక కోర్టు ముందు నిలబెట్టారు, అభియోగాలు చదివారు. అప్పటినుంచి ఇప్పటిదాకా నడిచినవన్నీ విచారణకు ముందరి వాదనలే. ఏ సాక్ష్యం చెల్లుతుంది, ఏది చెల్లదు, ఏ కాగితం డిఫెన్సు లాయర్లకు ఇవ్వాలి, ఏది రహస్యం, ఇవీ ఆ వాదనలు. సాక్షి బోనెక్కి "ఆ రోజు ఏం జరిగిందంటే" అని చెప్పే ఘట్టం రానే లేదు.

నా శీర్షిక చదివినవాళ్లకు ఇది తెలిసే దారి లేదు. ఆ దశను తెలుగులో ఏమనాలి? మీరు ఏమంటారు?

శ్రీకాకుళం నుంచి, రిటైరైన కోర్టు ఉద్యోగి:

అమ్మా, మంచి ప్రశ్న వేశారు. నేను చాలా ఏళ్లు బెంచి గుమాస్తాగా చేశాను. పేపర్లు విచారణ అనే ఒక్క మాటను ఎన్ని పనులకు వాడతాయో చూడండి. స్టేషన్లో ప్రశ్నిస్తే విచారణ. సీబీఐ వస్తే విచారణ. కలెక్టరు ఆర్డీవోను పంపితే విచారణ. బెయిలు పిటిషన్ వింటే విచారణ. హత్య కేసులో సాక్షుల్ని పిలిస్తే అదీ విచారణే.

కోర్టులో మాకు హద్దు స్పష్టంగా ఉండేది. ఛార్జిషీటు వేసే వరకు జరిగేది దర్యాప్తు. కేసు సెషన్స్ కోర్టుకు వచ్చాక ముందు డిశ్చార్జి వాదనలు ఉంటాయి, అంటే నిందితుడు తన మీద కేసు నిలబడదని చెప్పుకునే అవకాశం. అది దాటితే జడ్జిగారు ఛార్జి ఫ్రేమ్ చేసి, అంటే అభియోగాలు ఖరారు చేసి, చదివి వినిపించి, "నేరం ఒప్పుకుంటావా, విచారణ కోరుకుంటావా?" అని అడుగుతారు. నిందితుడు "విచారణ కోరుకుంటున్నాను" అన్నాకే సాక్షుల తేదీలు పడతాయి. హాల్లో ఎంత గోల ఉన్నా ఆ ప్రశ్న దగ్గర కాసేపు నిశ్శబ్దం అయిపోయేది. మీ మావయ్యగారికి నేనైతే ఆ ప్రశ్న గురించే చెబుతాను. 2012లో అక్కడ అభియోగాలు చదివిన రోజున ఆ ఐదుగురూ ఒప్పుకుంటామనీ అనలేదు, కాదనీ అనలేదు. జవాబు తర్వాతకు వాయిదా వేసుకున్నారు.

వాయిదా అన్నాను కాబట్టి ఒక మాట. మన జిల్లాలో కోర్టుకు వచ్చేవాళ్లు "ఈ రోజు నాకు వాయిదా ఉంది" అంటారు. కేసు తేదీ ఉందని దాని అర్థం. "వాయిదాకెళ్లి వస్తాను" అని పొద్దున్నే బస్సెక్కుతారు. కేసుకు పిలిచే రోజుకూ, కేసు జరగకుండా పోయే రోజుకూ వాళ్ల నోట ఒకటే మాట. ఆ మాట అలా ఎందుకు మారిందో తిరిగి తిరిగి అరిగిన వాళ్ల చెప్పుల్ని చూస్తే నాకు తెలిసేది.

బొబ్బిలి నుంచి, తెలుగు ఉపాధ్యాయుడు:

మాస్టారూ, వాయిదా గురించి మీరన్నది మనసుకు తగిలింది. దాని పుట్టుక చెబుతాను. అది అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చింది. అక్కడ దాని అర్థం మాట ఇవ్వడం, వాగ్దానం. హిందీలో ఈ రోజుకీ అదే అర్థం. "ఫలానా రోజున తేలుస్తాను" అని ఇచ్చిన మాట. మన దగ్గరికి వచ్చేసరికి ఆ మాట తప్పడం పేరు అయింది.

ముద్దాయి కూడా ఇలాగే తిరగబడింది. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు. తెలుగులో ఫిర్యాదు ఎవరి మీదో వాడు. కోర్టు భాష మనకు పరాయిగా వచ్చింది, గుమ్మం దాటేలోపు చాలా మాటలు పక్కలు మార్చుకున్నాయి.

ఇక విచారణ, విచారం. రెండూ ఒకే ధాతువు, చర్, తిరగడం. మనసు ఒక విషయం చుట్టూ తిరగడం విచారం. సంస్కృతంలో అది ఆలోచన మాత్రమే. ఆత్మవిచారం అంటే దుఃఖం కాదు కదా. తెలుగులో మాత్రం విచారం అంటే ముందు తోచేది దుఃఖమే. "విచారించకమ్మా" అంటే బాధపడకు అని. చింత కూడా అంతే: చింతన అంటే ఆలోచన, చింత అంటే దిగులు. ఒక విషయం చుట్టూ ఎక్కువసేపు తిరిగిన మనసు చివరికి ఎక్కడికి చేరుతుందో మన భాష గమనించిందని నాకనిపిస్తుంది. అది నా ఊహే కావచ్చు గానీ ఈ జంట ఒక్కసారి కనిపించాక మళ్లీ మరవలేం.

టెక్కలి నుంచి, డిగ్రీ విద్యార్థి:

సార్, మేడమ్, చిన్నవాడిని, తప్పయితే మన్నించండి. ఇదంతా బాగుంది గానీ చదివేవాళ్లకు సందర్భాన్ని బట్టి అర్థమవుతుంది కదా? కాకపోతే ప్రీ ట్రయల్ అని తెలుగు అక్షరాల్లో రాసేస్తే సరిపోదా? విచారణ పూర్వ ప్రక్రియ అని పేపర్లో వేస్తే మా ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. మన జిల్లా వాడే గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే భాషలో రాయమనే కదా జీవితమంతా పోరాడింది.

విజయనగరం నుంచి, అనువాదకురాలు:

తమ్ముడూ, తప్పేమీ లేదు, నువ్వు అడగాల్సిందే అడిగావు. ప్రీ ట్రయల్ అని రాస్తే మా మావయ్యగారికి అర్థం కాదు, విచారణ పూర్వ ప్రక్రియ అన్నా అర్థం కాదు. అందులో నీతో నాకు పేచీ లేదు. సందర్భాన్ని బట్టి తెలుస్తుందన్న మాటే నేను ఒప్పుకోలేను. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

గ్వాంటనామోలోని ఆ కోర్టు గదిలో వెనకవైపు అద్దాల గోడ ఉంది. చనిపోయినవాళ్ల బంధువులు దాని వెనక కూర్చుంటారు. అందరికీ చోటు ఉండదు, లాటరీ తీసి కొందరిని ఆ దీవికి తీసుకెళ్తారు. లోపలి మాట వాళ్లకు 40 సెకన్లు ఆలస్యంగా వినిపిస్తుంది, రహస్యం ఏదైనా దొర్లితే ఆపేయడానికి. అంటే లాయరు లేచి నిలబడటం ముందు కనిపిస్తుంది, మాట తర్వాత వస్తుంది. కొడుకు పోయిన ఒక తల్లి అలా కూర్చుందనుకో. ఆమె ముందు జరుగుతున్నది ఆమె కొడుకు చావు గురించిన విచారణ కాదు. ఫలానా వాంగ్మూలం చెల్లుతుందా లేదా అన్న వాదన.

ఆ వాదన ఎందుకొచ్చింది? ఖాలిద్ షేక్ మొహమ్మద్‌ను 2003 మార్చిలో రావల్పిండిలో పట్టుకున్నారు. 2006 సెప్టెంబరు దాకా అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ రహస్య జైళ్లలో ఉంచారు. ఆ ఒక్క మార్చి నెలలోనే 183 సార్లు ముఖం మీద నీళ్లు పోసి ఊపిరాడకుండా చేశారు. అలా హింసించిన మనిషి తర్వాత ఎక్కడ ఏం చెప్పినా, అది స్వచ్ఛందంగా చెప్పిందేనా అన్న ప్రశ్న ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో ఈ కేసు జడ్జి ఇంకో నిందితుడి ఒప్పుకోలును ఆ కారణంతోనే పక్కన పెట్టారు. మరో నిందితుడి మానసిక ఆరోగ్యం బాగోలేదని 2023లో అతని కేసును వేరు చేశారు. 2024 జూలైలో ముగ్గురు నేరం ఒప్పుకునేలా, ఉరిశిక్ష లేకుండా యావజ్జీవం పడేలా ఒప్పందం కుదిరింది. రెండు రోజులకే రక్షణ మంత్రి దాన్ని రద్దు చేశారు. జడ్జి ఒప్పందం చెల్లుతుందన్నారు, 2025 జూలైలో అప్పీలు కోర్టు చెల్లదంది. బంధువుల్లో కొందరు ఇలాగైనా తేలిపోనీ అన్నారు, కొందరు విచారణ జరగాల్సిందే అన్నారు. ఇరువైపులా ఉన్నది ఒకే దుఃఖం.

ఇదంతా కలిపి నేను "విచారణలో జాప్యం" అని రాశాను. రైలు బయల్దేరి మధ్యలో ఆగిందన్నట్టు. అసలు రైలు ప్లాట్‌ఫారమ్ మీదకే రాలేదు. తల్లిదండ్రులు కొందరు ఎదురుచూస్తూనే వెళ్లిపోయారు. ఆ సంగతి దాచేసే మాట తేలిక మాట ఎలా అవుతుంది చెప్పు?

శ్రీకాకుళం నుంచి, రిటైరైన కోర్టు ఉద్యోగి:

మన దగ్గరి ఒక కేసు పక్కన పెట్టి చూడండి బాబూ. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు 2013 ఫిబ్రవరి 21న. ఎన్‌ఐఏ ప్రత్యేక కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది 2016 డిసెంబరులో. తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది 2025 ఏప్రిల్‌లో. అక్కడ ఛార్జి ఫ్రేమ్ అయింది, సాక్షులు వచ్చారు, తీర్పు వచ్చింది, అప్పీలు వచ్చింది. ఈ మెట్లన్నిటికీ పేపర్లో ఒకటే పేరు, విచారణ. ఇక ఏ కేసు ఏ మెట్టు మీద ఉందో చదివేవాడికి ఎలా తెలియాలి?

నా సలహా ఇది. పోలీసులది దర్యాప్తు. స్టేషన్లో అయితే ప్రశ్నించారు అని రాయండి. కోర్టు తేదీ వాయిదా, మన జనం మాటే. విచారణ అన్న మాటను సాక్షులు వచ్చే ఘట్టానికే ఉంచండి. దానికి ముందరిది "విచారణకు ముందు వాదనలు". కొత్త మాట కట్టక్కర్లేదు.

బొబ్బిలి నుంచి, తెలుగు ఉపాధ్యాయుడు:

దీనికి నేను సంతకం పెడతాను. ఇంకో మాట గురించి కూడా అడగాలని ఉంది. అదే కథనంలో మీరు "మృతులకు ఘన నివాళి" అని రాశారా అమ్మా?

విజయనగరం నుంచి, అనువాదకురాలు:

రాశాను సార్. రాసి కొట్టేశాను. ఘన అన్న మాట దగ్గర చెయ్యి ఆగింది.

బొబ్బిలి నుంచి, తెలుగు ఉపాధ్యాయుడు:

కొట్టేసి మంచి పని చేశారు. నివాళి అంటే మొదట హారతి. దేవుడికో, పెళ్లికూతురికో దీపం తిప్పడం. పోయినవాళ్లకు అది తర్వాత వచ్చింది. ఘన స్వాగతం, ఘన విజయం, ఘన నివాళి, మూడింటికీ ఒకే విశేషణం వాడటం నాకు మొదటినుంచీ బాధగానే ఉంటుంది.

అక్కడ న్యూయార్కులో వాళ్లు చేసే పని చాలా సాదాగా ఉంటుంది. పొద్దున్న 8:46కి, మొదటి విమానం తాకిన నిమిషానికి, మౌనం. తర్వాత ఇద్దరిద్దరు బంధువులు వచ్చి పేర్లు చదువుతారు. ఆ రోజు పోయిన 2,977 మంది పేర్లు, వాటితో పాటు 1993లో అక్కడే జరిగిన బాంబు దాడిలో పోయిన ఆరుగురి పేర్లు. గంటలు పడుతుంది. చివర తమ మనిషి పేరు చెప్పి, "నాన్నా, నీకు మనవడు పుట్టాడు" లాంటి ఒక మాట చెప్పి దిగిపోతారు.

దీన్ని మనం స్మరణ అనొచ్చు, తలుచుకోవడం అనొచ్చు. నాకు తలుచుకోవడమే నచ్చుతుంది. 2025లో సెప్టెంబరు 11 మహాలయ పక్షంలోనే పడింది. మనమూ ఆ పదిహేను రోజులూ చేసేది అదే కదా. గోత్రం చెప్పి, పేరు చెప్పి, నువ్వులూ నీళ్లూ వదులుతాం. ఆ పక్షంలో చతుర్దశికి పంచాంగంలో ఏమని ఉంటుందో చూడండి: శస్త్రహత మహాలయం. ఆయుధం వల్ల పోయినవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక తిథి. ముసలితనంలో పోయినవాళ్ల వరసలో వీళ్లను కలిపేయలేదు మన పెద్దలు. తెలుగులో బాధితులు అనే మాట బతికున్నవాళ్లకూ సరిపోతుంది, పోయినవాళ్లకూ వాడేస్తున్నాం. శస్త్రహతులు అన్న మాటలో ఆ గందరగోళం లేదు. ఇప్పుడు వార్తల్లో వాడమని అనను, అర్థం కాదు. కానీ అలాంటి మాట మన ఇళ్లలో కేలెండరు మీద ఏటా వేలాడుతోంది.

టెక్కలి నుంచి, డిగ్రీ విద్యార్థి:

మేడమ్, మీరు చెప్పింది అర్థమైంది. రైలు పోలిక దగ్గర నా వాదన ఆగిపోయింది. పోయినవాళ్ల పేర్లు ఉన్న చోటు ఫోటోలు ఇప్పుడే చూశాను. రెండు కొలనులు, చుట్టూ కంచు పలకలు. అక్షర క్రమంలో లేవు. ఎవరి పక్కన ఎవరి పేరు ఉండాలో ఇంట్లోవాళ్లను అడిగి, కలిసి పనిచేసినవాళ్లనూ స్నేహితులనూ పక్కపక్కన పెట్టారట. పుట్టినరోజు నాడు ఆ పేరులో తెల్ల గులాబీ గుచ్చుతారట. కొన్ని ఆడవాళ్ల పేర్ల తర్వాత "ఆమె, ఇంకా పుట్టని ఆమె బిడ్డ" అన్న అర్థంలో ఒక మాట ఉంది. దాన్ని తెలుగులో ఎలా రాస్తారు? "అజాత శిశువు" అంటే ఎలాగో ఉంది.

విజయనగరం నుంచి, అనువాదకురాలు:

తమ్ముడూ, నేనూ అక్కడే ఆగిపోయాను. పుట్టని బిడ్డ అని రాస్తే లేని బిడ్డ అన్నట్టు వినిపించింది. గర్భస్థ శిశువు అంటే ఆసుపత్రి కాగితం. ఆ బిడ్డలు 2,977 లెక్కలో లేరు, పేరు పక్కన ఆ మాటలోనే ఉన్నారు. కాబట్టి మాట తప్పకూడదు.

రాత్రి మా అత్తగారిని అడిగాను. ఆమె చదువుకోలేదు. కేసు గురించి అడగలేదు, ఎన్నేళ్లయిందో అడగలేదు. పేరు ఎవరిదో, ఎన్నో నెలో అడిగింది. "ఆయమ్మ వట్టి మనిషి కాదు. కడుపులో బిడ్డతోటి పోయింది. అలాగే రాయి" అంది.

అలాగే రాశాను: పేరు, పక్కన "కడుపులో బిడ్డతో". శీర్షిక కూడా మార్చి పంపాను. "9/11 కేసు: ఇంకా మొదలు కాని విచారణ." మావయ్యగారికి మళ్లీ చదివాను. ఈసారి ఏమీ అడగలేదు. కాసేపు ఊరుకుని, "మొదలే అవనేదా" అన్నారు.