ఇంటి గ్యారేజీకి ఎలాంటి ఎయిర్ కంప్రెసర్ తీసుకోవాలి?

ప్రశ్న: కారు టైర్లలో గాలి నింపడానికి, ఇంపాక్ట్ రెంచ్‌తో చక్రాల నట్లు విప్పడానికి, వీలైతే బంపర్లకు రంగు వేయడానికి ఒక కంప్రెసర్ కొనదలచాను. మా ఇంట్లో సింగిల్ ఫేజ్ కరెంటే ఉంది. 24 లీటర్ల ట్యాంకు చాలుతుందా, 50 లీటర్లది తీసుకోవాలా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: ట్యాంకు కన్నా ముందు సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి ఇస్తుందో ఆ లెక్క) చూడండి. టైర్లకు 35 పీఎస్ఐ (గాలి పీడనం కొలత) చాలు కనుక చిన్న యంత్రమైనా పనికొస్తుంది. అర అంగుళం ఇంపాక్ట్ రెంచ్‌కు 90 పీఎస్ఐ వద్ద సుమారు 5 సీఎఫ్ఎం కావాలి, అయితే అది ఆగి ఆగి నడిచే పని కాబట్టి 50 లీటర్ల నిల్వ ఆదుకుంటుంది. స్ప్రే గన్ సంగతి వేరు. అది ఆపకుండా గాలి లాగుతుంది, చాలా గన్లకు 10 సీఎఫ్ఎం వరకు అవసరం. పెట్టె మీద రాసేది తరచుగా పిస్టన్ లోపలికి లాగే గాలి లెక్క మాత్రమే. బయటికి వచ్చే గాలి అంతకంటే తక్కువ కనుక ఎఫ్ఏడీ (నిజంగా బయటికి అందే గాలి) ఎంతో అడిగి తెలుసుకోండి.

జవాబు 2: పై సలహా సరైనదే. 2 హెచ్‌పీ మోటారు సింగిల్ ఫేజ్ మీద నడుస్తుంది, కానీ సన్నని పొడవాటి ఎక్స్‌టెన్షన్ తీగ వాడితే స్టార్టింగులో వోల్టేజి పడిపోయి మోటారు కాలిపోవచ్చు. తీగకు బదులు గాలి గొట్టాన్నే పొడిగించండి. పని ముగిశాక ట్యాంకు అడుగున చేరిన నీటిని తప్పక వదలండి, లేకపోతే లోపలి నుంచి తుప్పు పడుతుంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. రంగు పని బయట చేయించుకుని, 2 హెచ్‌పీ, 50 లీటర్లదే తీసుకుంటాను.