మే నెలలో ఎంబీఏ అయిపోతోంది, చేతిలో ఆఫర్ లేదు

చికాగో కొత్త:
అందరికీ నమస్కారం. పోయిన ఆగస్టులో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద అమెరికాకి ఏడాది ఎంబీఏకి వచ్చాను. మే రెండో వారంలో అయిపోతుంది. ఏడాది కోర్సు కావడంతో మధ్యలో వేసవి ఇంటర్న్‌షిప్ లేదు, దాని వెనకాల వచ్చే ఆఫరూ లేదు. రెండేళ్ల బ్యాచ్ వాళ్లు చాలామంది చలికాలం రాకముందే సంతకాలు పెట్టేశారు. నేను అడగాలనుకున్నది ఒక్కటే. రిక్రూటర్ మొదటి ఫోన్‌లోనే "స్పాన్సర్‌షిప్ కావాలా", అదే వర్క్ వీసా కంపెనీయే వెయ్యాలా అని అడిగితే ఏం చెప్పాలి? అవునంటే కాల్ అక్కడితో సరి.

డల్లాస్ పాతకాపు:
తమ్ముడూ, రిక్రూటర్ల సంగతి తర్వాత. ఓపీటీకి, అదే చదువయ్యాక ఇక్కడ పని చేసుకునే అనుమతికి, వేశావా లేదా? ఉద్యోగం వచ్చాక వేద్దాంలే అనుకోకు, దానికి ఆఫర్ లెటర్ అక్కర్లేదు. కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి వేసుకోవచ్చు. ముగిశాక 60 రోజులు దాటితే ఇక అంతే. డీఎస్ఓ, అంటే మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల సంగతి చూసే అధికారి, సెవిస్ అనే ప్రభుత్వ రికార్డులో సిఫారసు ఎక్కించాక 30 రోజుల్లోపు ఐ-765, అదే ఓపీటీ దరఖాస్తు, వెళ్లిపోవాలి. ఇది మర్చిపోయి మళ్లీ కొత్త ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే స్టూడెంట్ వీసా కాగితం) కోసం తిరిగేవాళ్లను ఏటా చూస్తూనే ఉన్నాం.

ఇంకోటి. ఓపీటీ మొదలయ్యే తేదీ నువ్వే అడగొచ్చు, కోర్సు ముగిసిన 60 రోజుల్లోపు ఏదైనా. ఆఫర్ లేనివాడు ఆఖరి తేదీకి దగ్గరగా పెట్టుకోవాలి. అక్కడి నుంచి ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులే ఉండనిస్తారు, శని ఆదివారాలూ లెక్కే.

అట్లాంటా అక్క:
అడ్రస్ సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. మా ఆయన ఓపీటీ కార్డు వచ్చేలోపు మా లీజు అయిపోయింది. అపార్ట్‌మెంట్ ఆఫీసులో అమ్మాయి "మీ పేరు మీద ఏమొచ్చినా తీసి పక్కన పెడతాం" అని నవ్వుతూ చెప్పింది. వారం తిరక్కుండా మెయిల్‌బాక్స్ తాళం మార్చేశారు. కార్డు వెనక్కి పోయింది. వెళ్లి అడిగితే ఆ అమ్మాయి లేదు, ఇంకెవరో ఉన్నారు, మాకేం తెలీదన్నారు. పోస్టాఫీసులో ఫార్వర్డింగ్ పెట్టినా లాభం లేదు, ఇమ్మిగ్రేషన్ వాళ్ల కవర్లు కొత్త అడ్రస్‌కి పంపరు. అవతల కంపెనీ వాళ్లు జాయిన్ అవ్వమంటున్నారు. కార్డు చేతికి రాకుండా పని మొదలుపెట్టడానికి లేదు. ఇది చాలదన్నట్టు కార్పెట్ మీద మరకుందని డిపాజిట్‌లో కోత పెట్టారు. ఆ మరక మేం చేరేనాటికే ఉంది, ఫోటో కూడా తీసి పెట్టుకున్నాం. పంపితే జవాబే లేదు.

అందుకే ఫారంలో కదలకుండా ఒక చోటే ఉండే స్నేహితుల అడ్రస్ ఇవ్వు, "కేరాఫ్" అని వాళ్ల పేరు రాసి. ఇల్లు మారితే 10 రోజుల్లో ఏఆర్-11 అనే అడ్రస్ మార్పు ఫారం వెయ్యాలి, డీఎస్ఓకీ చెప్పాలి.

న్యూజెర్సీ నిక్కచ్చి:
అన్నిటికంటే ముందు ఐ-20 తీసి సీఐపీ కోడ్, అదే మీ కోర్సు ఏ సబ్జెక్టు కిందికొస్తుందో చెప్పే అంకె, చూసుకోండి. 52.1301 అయితే మేనేజ్‌మెంట్ సైన్స్, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కింద ఓపీటీకి ఇంకో 24 నెలలు వస్తాయి, కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతి సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉంటే. 52.0201 అయితే మామూలు ఎంబీఏ, 12 నెలలతో సరి. మీరు ఏ కంపెనీల వెంట పడాలో ఈ ఒక్క అంకె తేలుస్తుంది.

డల్లాస్ పాతకాపు:
రోజులు దగ్గరపడితే మనవాళ్ల కన్సల్టెన్సీ ఏదో ఒకటి పట్టుకో తమ్ముడూ. ఖాళీ రోజుల లెక్క ఆగుతుంది. రెజ్యూమె వాళ్లే చూసుకుంటారు.

న్యూజెర్సీ నిక్కచ్చి:
అన్నా, "వాళ్లే చూసుకుంటారు" అంటే లేని అనుభవం రాస్తారనేగా? రేపు హెచ్-1బి వర్క్ వీసా వేసేటప్పుడు వాళ్లు ఉండరు, ఈ అబ్బాయి ఉంటాడు. ఓపీటీలో వారానికి కనీసం 20 గంటలు చదువుకి సంబంధించిన పని నిజంగా చెయ్యాలి, కాగితం మీద కాదు.

డల్లాస్ పాతకాపు:
మేం 2008లో వచ్చాం బాబూ, అన్నీ చూసే చెప్తున్నాం. హెచ్-1బి లాటరీలో పేరొస్తే ఓపీటీ అయిపోయినా క్యాప్ గ్యాప్ అనే పొడిగింపు అక్టోబరు 1 దాకా కాపాడుతుంది, ఈలోపు ఏదో ఒకటి కుదురుతుంది.

న్యూజెర్సీ నిక్కచ్చి:
అది పాత లెక్క. 2025 జనవరిలో మారింది, ఇప్పుడు ఆ తర్వాత వచ్చే ఏప్రిల్ 1 దాకా.

బోస్టన్ చెల్లి:
ఆయన అడిగినదానికి ఇంతవరకూ ఒక్కరూ జవాబు చెప్పలేదు, గమనించారా?

అన్నయ్యా, అబద్ధం వద్దు. అప్లికేషన్‌లో రెండు వేర్వేరు ప్రశ్నలు ఉంటాయి. పని చేసే అనుమతి ఉందా అంటే, ఓపీటీతో ఉంటుంది. ఇప్పుడు గానీ ముందు ముందు గానీ స్పాన్సర్‌షిప్ కావాలా అంటే, అవును. ఫోన్‌లో అయితే "ఓపీటీ ఉన్నన్నాళ్లూ మీరు వీసా పిటిషన్ వెయ్యక్కర్లేదు, ఆ తర్వాత హెచ్-1బి కావాలి" అని ఒక్క ముక్కలో చెప్పి ఉద్యోగం గురించి ప్రశ్న అడిగెయ్యండి. నసిగితేనే అనుమానం.

కొత్త హెచ్-1బికి లక్ష డాలర్లు కట్టాలన్న 2025 సెప్టెంబరు అధ్యక్షుడి ప్రకటన తర్వాత చాలామంది హెచ్‌ఆర్ వాళ్లు బెదిరిపోయి ఉన్నారు. ఇక్కడే ఉండి ఎఫ్-1 నుంచి స్టేటస్ మార్చుకునేవాళ్లకి అది వర్తించదని ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ ఆ అక్టోబరులో స్పష్టం చేసింది. ఆ పేజీ లింకు దగ్గర పెట్టుకోండి, వాళ్లకి తెలియకపోవచ్చు. ఏ కంపెనీ హెచ్-1బి వేసిందో యూఎస్‌సీఐఎస్ ఎంప్లాయర్ డేటా హబ్‌లో పేరు కొడితే కనిపిస్తుంది. ఎప్పుడూ వెయ్యని కంపెనీ మీద సాయంత్రాలు తగలెయ్యకండి. యూనివర్సిటీలకీ, వాటికి అనుబంధంగా లాభాపేక్ష లేకుండా నడిచే ఆస్పత్రులకీ లాటరీ గొడవే లేదు. అక్కడ ఫైనాన్స్, ఆపరేషన్స్ ఉద్యోగాలుంటాయి, మన ఎంబీఏ వాళ్లు అటు చూడరు.

చికాగో కొత్త:
అందరికీ చాలా థ్యాంక్స్. కోడ్ చూశాను, 52.0201. ఎల్లుండి డీఎస్ఓతో అపాయింట్‌మెంట్.

అట్లాంటా అక్క:
కార్డుకి ఏ అడ్రస్ ఇస్తున్నావు?

డల్లాస్ పాతకాపు:
నీకు బీటెక్ ఉండే ఉంటుందిగా, దాని మీద స్టెమ్ అడుగు. మా మేనల్లుడికి అలాగే వచ్చింది.

న్యూజెర్సీ నిక్కచ్చి:
ఇండియా బీటెక్ పనికిరాదన్నా. పాత డిగ్రీ చూపించాలంటే అది ఇక్కడి గుర్తింపు ఉన్న యూనివర్సిటీది అయ్యుండాలి, గత పదేళ్లలో వచ్చిందై ఉండాలి. మీ మేనల్లుడు బీఎస్ ఇక్కడే చేశాడేమో ఒకసారి కనుక్కోండి.