మార్చిలో లాన్‌లో తెల్ల పురుగులు, ఇప్పుడు మందు వేయాలా?

ప్రశ్న:
మాది డాలస్ పక్కన ఫ్రిస్కో, సెయింట్ ఆగస్టీన్ గడ్డి. నిన్న గోంగూర మడి కోసం పెరట్లో తవ్వుతుంటే గోధుమరంగు తలతో తెల్ల పురుగులు మూడు బయటపడ్డాయి, పుల్లతో కదిపితే ఇంకా ముడుచుకుంటున్నాయి. ఇంటి ముందు గడ్డి రెండు చోట్ల గుండ్రంగా పసుపు రంగుకు తిరిగింది. దీనికి తోడు వానలు పడ్డాక కంచె పక్కన ఎర్ర చీమల పుట్టలు లేచాయి, మా పాప తెలియక కాలు పెట్టింది, తెల్లారేసరికి పాదమంతా చీము పొక్కులు. అన్నిటికీ కలిపి ఒకే మందు ఉందా? పిల్లలు ఆడుకునే చోటు, ఏది పడితే అది చల్లాలంటే భయం.

జవాబు 1:
పురుగులకు ఇప్పుడు మందు వద్దండీ. మాది అనంతపురం వైపు, వేరుశనగ చేలో ఇలాంటివాటినే వేరు పురుగు అంటాం. తొలకరి పడగానే పెంకు పురుగులు చీకటి పడే వేళ వేప చెట్ల మీద మూగేవి, కొమ్మలు దులిపి చంపేవాళ్లం. ఇక్కడ మీరు చూసినవి జూన్ బీటిల్ అనే పెంకు పురుగు పిల్లలు అయి ఉంటాయి. మార్చికల్లా బాగా ముదిరిపోతాయి, తినడం దాదాపు ఆపేస్తాయి, మందు కూడా సరిగ్గా ఎక్కదు. జూన్ చివర, జులై మొదట్లో గుడ్లు పగిలి చిన్నవి బయటికి వచ్చాక వేస్తేనే ఫలితం. అప్పుడు కూడా ముందు ఒక చదరపు అడుగు గడ్డిని 4 అంగుళాల లోతున పారతో లేపి లెక్కపెట్టండి, ఐదు లోపు ఉంటే వదిలేయండి.

జవాబు 2:
పసుపు మచ్చ దగ్గర గడ్డి పట్టుకుని లాగి చూడండి. చాపలా మొత్తం లేచి వస్తే వేర్లు పురుగు తినేసినట్టు. ఆకులు మాత్రమే ఊడి వచ్చి మొదలు కుళ్లి గోధుమరంగులో ఉంటే అది ఫంగస్, వసంతంలో ఈ గడ్డికి మామూలే. మొదటి ఏడాది నేను పురుగే అనుకుని మందు చల్లాను, మచ్చ ఇంకా పెరిగింది. నీళ్లు తగ్గించి తెల్లవారుజామునే పెట్టండి, నైట్రోజన్ ఎరువు ఇప్పుడే వేయకండి.

జవాబు 3:
చీమల విషయం మాత్రం ఆలస్యం చేయకండి, దానికి వసంతం మంచి అదను. ఎర మందు పెరడంతా పలుచగా చల్లాలి, పని చీమలు మోసుకెళ్లి రాణికి పెడతాయి, కాబట్టి కొన్ని వారాలు పడుతుంది. చల్లేముందు పుట్టకు కాస్త దూరంలో ఒక ఆలూ చిప్ పెట్టి చూడండి, అరగంటలోపు చీమలు పడితే అవి మేతకు తిరుగుతున్నట్టే. నేల పొడిగా ఉండాలి, ఆ రోజు, మర్నాడు వాన ఉండకూడదు, పాత మందు సంచి వద్దు, ఎరలోని నూనె ముక్కిపోతే చీమ ముట్టదు. వారం పది రోజులయ్యాక మిగిలిన పుట్టలకు విడిగా మందు వేయండి. పాప పొక్కులు చిదమకండి. మళ్లీ ఎప్పుడైనా కుట్టినప్పుడు ముఖం వాచినా, ఊపిరి అందకపోయినా వెంటనే అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి.

ప్రశ్న అడిగినవారు:
లాగి చూశాను, ఆకులే ఊడి వచ్చాయి, మొదలు మెత్తగా కుళ్లిపోయింది. చదరపు అడుగులో పురుగులు రెండే. చిప్‌కి పన్నెండు నిమిషాల్లో చీమలు పట్టాయి, శనివారం దాకా వాన లేదంటున్నారు కాబట్టి రేపే ఎర చల్లుతాను.