"ఎహాద్"లోని చివరి హల్లును సాగదీయడం: షెమా పఠనంపై చర్చ

ప్రశ్న:

యూదుల నిత్యప్రార్థనలో ప్రధానమైన "షెమా యిస్రాయేల్, అదొనాయ్ ఎలొహేను, అదొనాయ్ ఎహాద్" అనే వాక్యాన్ని పఠించేటప్పుడు చివరి పదమైన "ఎహాద్"ను, అందులోనూ చివరనున్న దకారాన్ని సాగదీసి పలకాలని ఒక వ్యాసంలో చదివాను. అచ్చును ఎంతసేపైనా సాగదీయవచ్చు. సకారాన్ని, మకారాన్ని కూడా ఊపిరి ఉన్నంతసేపు నిలపవచ్చు. కానీ నాలుక పళ్లను తాకి విడివడగానే ముగిసిపోయే దకారాన్ని సాగదీయడం ఎలా సాధ్యం? ఇది భక్తిభావంతో చెప్పిన మాటా, లేక నిజంగా పాటించదగిన ఉచ్చారణ నియమమా?

సమాధానం:

ఇది అక్షరాలా పాటించదగిన నియమమేనని నా నిశ్చితాభిప్రాయం. దానిని కేవలం ప్రతీకగా తీసుకుంటే హీబ్రూ భాషాచరిత్రలోని ఒక విలువైన సాక్ష్యాన్ని మనం చేజార్చుకున్నవారమవుతాము. కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

ఈ వాక్యం ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం 4వ వచనం. తెలుగు బైబిలు చదివేవారికి "ఇశ్రాయేలూ వినుము" అనే మాటలతో ఇది పరిచితమే. యూదులు దీనితో మొదలయ్యే మూడు భాగాలను ప్రతి ఉదయం, ప్రతి సాయంత్రం పఠిస్తారు. మొదటి వాక్యం పలికేటప్పుడు మనసు చెదరకుండా కుడిచేతితో కళ్లు మూసుకుంటారు. మూలంలో ఆరే పదాలు. వాటిలో రెండుసార్లు వచ్చే దేవుని నామాన్ని రాసినట్టుగా చదవకుండా, దాని స్థానంలో "అదొనాయ్" అని పలుకుతారు.

మీరు చదివిన నియమానికి మూలం, యూద పండితుల ధర్మచర్చల సంకలనమైన తాల్ముదులో బెరఖోత్ అనే భాగంలో ఉంది. "ఎహాద్" పదాన్ని ఎవరు దీర్ఘంగా పలుకుతారో వారి దినాలు, సంవత్సరాలు దీర్ఘమవుతాయని సుమ్ఖుస్ అనే పండితుడు అన్నాడు. ఆ దీర్ఘత దాలెత్ అక్షరం మీద ఉండాలని, అంటే మన దకారం మీద ఉండాలని, రవ్ అహా బర్ యాకోవ్ స్పష్టం చేశాడు. అయితే మధ్యలోని హేత్ అక్షరాన్ని, అంటే హకారం స్థానంలో ఉన్నదాన్ని, తొందరపడి మింగివేయకూడదని రవ్ అషి హెచ్చరించాడు. ముగ్గురు పండితులు ఒక చిన్న పదాన్ని ఇలా అక్షరం తరువాత అక్షరంగా విడదీసి చూస్తున్నారంటే, వారు తమ చెవికి వినిపించే ధ్వని గురించే మాట్లాడుతున్నారని నాకు అనిపిస్తుంది.

ఆ ధ్వని ఏది? పాత హీబ్రూలో బేత్, గిమెల్, దాలెత్, కాఫ్, పే, తావ్ అనే ఆరు అక్షరాలకు రెండేసి ఉచ్చారణలు ఉండేవి. అచ్చు తరువాత వచ్చి, లోపల దాగేష్ అనే చుక్క లేనప్పుడు అవి గాలిని పూర్తిగా ఆపి వదిలే స్పర్శధ్వనులుగా కాక, గాలి ఒరుసుకుంటూ పోయే ధ్వనులుగా మారేవి. "ఎహాద్"లో దాలెత్ అచ్చు తరువాతే వస్తుంది, దానిలో చుక్క లేదు. కాబట్టి అది మన దకారం కాదు. నాలుక కొనను పై పళ్ల అంచుకు మెల్లగా ఆనించి, గాలిని పూర్తిగా ఆపకుండా, నాదంతో బయటికి వదిలితే వచ్చే ధ్వని అది. ఇంగ్లీషు మాతృభాషగా గలవారు "దిస్", "దట్" అనే మాటల మొదట పలికేది ఇదే. అటువంటి ధ్వనిని సకారాన్ని నిలిపినట్టే నిలపవచ్చు. మీ ప్రశ్నలోని చిక్కు ఇక్కడే విడిపోతుంది.

నేటి ఇజ్రాయెల్ హీబ్రూలో ఆ ఆరింటిలో మూడింటికి మాత్రమే రెండు ఉచ్చారణలు మిగిలాయి. దాలెత్ వాటిలో లేదు. ఐరోపా యూదుల సంప్రదాయంలోనూ దాలెత్ స్పర్శధ్వనే. యెమెన్ యూదులు మాత్రం ఆ మెత్తని ధ్వనిని తరతరాలుగా నిలుపుకున్నారు. వారి పెద్దలు షెమా పఠించే రికార్డింగు దొరికితే తప్పక వినండి. "ఎహాద్" చివర నాదం ఆగదు. తుమ్మెద రొదలా సన్నగా సాగి, ఊపిరితోపాటు సన్నగిల్లుతుంది. ఒక మతనియమం శతాబ్దాలపాటు గ్రంథంలో నిలిచి ఉండగా, ఆ నియమానికి అర్థం కల్పించే ధ్వని అనేక సమాజాల నోటి నుండి జారిపోవడం, యెమెన్ యూదుల వంటివారు దానిని కాపాడుకోవడం నన్ను ఎంతో కదిలించే విషయం.

మరి ఎంతసేపు సాగదీయాలి? దీనికీ తాల్ముదు కొలత చెప్పింది. పైన, కింద, నాలుగు దిక్కులలో దేవుని రాజుగా అంగీకరించానని మనసులో తలచుకునేంతసేపు చాలు, అంతకు మించి అక్కరలేదు. 16వ శతాబ్దంలో యోసెఫ్ కారో కూర్చిన షుల్హాన్ ఆరూఖ్ అనే ధర్మశాస్త్రం దీనిని అక్షరాలకు పంచింది. హేత్ ఆకాశానికి, భూమికి. దాలెత్ నాలుగు దిక్కులకు. ధ్యానం ఎంతసేపో ధ్వని అంతసేపు నిలుస్తుందన్నమాట.

ఇదే పదంతో ముడిపడిన మరొక జాగ్రత్త ఉంది. హీబ్రూ లిపిలో దాలెత్, రేష్ అక్షరాలు చూపుకు దాదాపు ఒకటిగా ఉంటాయి. "ఎహాద్" అంటే ఒక్కడు. దాలెత్ బదులు రేష్ పడితే "అహేర్" అవుతుంది, అంటే వేరొకడు. ఏకేశ్వరుని ప్రకటించే వాక్యమే తలకిందులవుతుంది. అందుకే తోరా, అంటే మోషే ధర్మశాస్త్రం, రాసిన చుట్టల్లో ఈ దాలెత్‌ను మిగతా అక్షరాలకన్నా పెద్దదిగా రాస్తారు. "షెమా" చివరి అక్షరమైన ఆయిన్‌ను కూడా అలాగే పెద్దదిగా రాస్తారు.

రెండవ శతాబ్దంలో రోమన్లు యూద మతగురువైన రబ్బీ అకీవాను ఇనుప దువ్వెనలతో చీల్చి చంపుతున్న సమయం షెమా పఠించే వేళ అయిందని, ఆయన "ఎహాద్"ను సాగదీస్తూ ఉండగానే ప్రాణం విడిచాడని తాల్ముదు చెబుతుంది. ఆ కథ తెలిసిన యూదునికి ఈ హల్లును నిలపడం ఒక ఉచ్చారణ వివరంగా మాత్రమే ఎలా మిగులుతుంది!

మరొక సభ్యుని వ్యాఖ్య:

చాలా ఉపయోగకరమైన వివరణ. రెండు సందేహాలు. ఇటువంటి నియమాలు ఈ ఒక్క పదానికేనా, షెమా అంతటికీ ఉన్నాయా? ఇంత ఖచ్చితత్వం కోరే ప్రార్థనను హీబ్రూ రానివారు, ఉదాహరణకు మన తెలుగువారు, ఎలా పఠించాలి?

సమాధానం:

షెమా అంతటికీ ఉన్నాయి. మన సంధి సూత్రాలకు ఎదురుగా నిలిచే నియమం ఒకటి ముఖ్యంగా చెప్పుకోదగినది. ఒక పదం చివరి అక్షరమూ తరువాతి పదం మొదటి అక్షరమూ ఒకటే అయినచోట రెండింటినీ కలిపివేయకుండా కొద్దిగా ఎడం ఇవ్వాలని తాల్ముదు ఆదేశించి, ఆ చోట్లను పేరుపేరునా చెప్పింది. "అల్ లెవావెఖా"లో రెండు లకారాలు వినబడాలి. "ఏసెవ్ బెసాద్‌ఖా"లో చెవికి వకారం, బకారం వేరైనా, లిపిలో రెండూ బేత్ అక్షరమే కాబట్టి అక్కడా ఎడం ఉండాలి. అలాగే "తిజ్కెరూ"లోని జకారాన్ని గట్టిగా, నాదంతో పలకాలి. అది సకారంగా మారితే "మీరు జ్ఞాపకం ఉంచుకొనునట్లు" అనే మాట ప్రతిఫలాన్ని సూచించే మాటగా వినిపిస్తుంది. అలెఫ్‌ను ఆయిన్‌గా, ఆయిన్‌ను అలెఫ్‌గా పలికే బేత్ షెఆన్, హైఫా వాసులను ప్రార్థన నడిపించడానికి నిలబెట్టవద్దని కూడా తాల్ముదులో ఉంది.

మీ రెండవ సందేహం పండితులను కూడా విడదీసింది. షెమాను ఏ భాషలోనైనా చెప్పవచ్చునని, తాల్ముదు చర్చలకు ఆధారమైన మిష్నా అనే ధర్మసంకలనం అనుమతించింది. "షెమా" అంటేనే "విను" కాబట్టి, నీకు వినబడి అర్థమయ్యే భాష ఏదైనా సరేనన్నది దాని వెనుక ఉన్న తర్కం. రబ్బీ యెహూదా హనాసి మాత్రం రాసి ఉన్న భాషలోనే చదవాలన్నాడు. అక్షరాలను ఖచ్చితంగా పలకకుండా చదివినవాని విధి నెరవేరినట్టేనని రబ్బీ యోసె అంటే, నెరవేరలేదని రబ్బీ యెహూదా అనే మరొక పండితుడు అన్నాడు. ఖచ్చితత్వం కోసం చేతనైనంత శ్రమపడుతూ, అది కుదరలేదన్న కారణంతో ప్రార్థనను మానకపోవడమే సరైన దారి అని నేను నమ్ముతాను.

తెలుగువారి విషయం ఊహకు సంబంధించినదేమీ కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు మాట్లాడే సమాజం ఉంది. తాము ప్రాచీన ఇశ్రాయేలు గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయిము గోత్రపు సంతతి అని వారి విశ్వాసం. వారికి అక్కడ సినగాగు, అంటే యూదుల ప్రార్థనాలయం, ఉంది. అటువంటి చోట హీబ్రూ నేర్చుకునేవారికి మన భాషాస్వభావం ఒక్కచోట అడ్డువస్తుంది. తెలుగు అజంత భాష కావడం వల్ల పొల్లు హల్లు చివర మన నోరు తనంతట తానే ఉకారాన్ని చేరుస్తుంది. "ఎహాద్" కాస్తా "ఎహాదు" అయితే, సాగేది ఆ చివరి అచ్చే అవుతుంది కాని దాలెత్ కాదు. తెలుగు లిపిలో రాసుకునేవారు పొల్లు గుర్తును విడవకూడదు. పలికేటప్పుడు నాలుకను పళ్ల దగ్గరే ఉంచి, నాదం ఆగిన తరువాతనే కిందికి దించాలి. హేత్‌కు, ఆయిన్‌కు మన లిపిలో అక్షరాలు లేవు. రెండూ గొంతు లోపలి నుండి వచ్చేవి కనుక, వాటిని యెమెన్ సంప్రదాయంలో చదివేవారి నోట విని నేర్చుకోవడం మంచిది.