సన్‌రైజర్స్ మీద మోజు తగ్గింది. మన జట్లలో ఇంకేది ఫాలో అవ్వచ్చు?

ఉప్పల్_వెస్ట్:
2016 కప్పు నుంచి సన్‌రైజర్స్ అభిమానిని. 2024లో ముంబై మీద 277, బెంగళూరు మీద 287 కొట్టినప్పుడు ఊపు మామూలుగా లేదు. ఇప్పుడు హెడ్, అభిషేక్ ఔటైతే టీవీ కట్టేస్తున్నా. మనవాడు అంటే వెంటనే నోటికొచ్చే పేరు నితీశ్ కుమార్ రెడ్డి ఒక్కటే. సిరాజ్ గుజరాత్‌కి, తిలక్ ముంబైకి ఆడుతుంటే ఎవరి వైపు ఉండాలో అర్థం కాదు. ఆట మీద ఇష్టం మాత్రం పోలేదు. రంజీ, కబడ్డీ, ఫుట్‌బాల్... ఏదైనా పర్లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి? ఆదివారం ఒక్కటే ఖాళీ.

జింఖానా_944:
మోజు తగ్గడంలో వింతేం లేదు, వేలం పద్ధతే అలాంటిది. 2025 సీజన్ మెగా వేలానికి ముందు ఒక్కో జట్టు ఆరుగురికి మించి నిలుపుకోడానికి వీల్లేదు. సన్‌రైజర్స్ ఐదుగుర్ని ఉంచుకుంది: క్లాసెన్ 23 కోట్లు, కమిన్స్ 18, హెడ్, అభిషేక్ చెరో 14, నితీశ్ 6. ఏళ్ల తరబడి బౌలింగ్ మోసిన భువనేశ్వర్, నటరాజన్ వేరే జట్లకు పోయారు. మిగిలేది జెర్సీ రంగు.

రంజీ అంటే రాష్ట్రాల జట్ల మధ్య జరిగే ట్రోఫీ, ఆ జట్టు వేలంలో చెదిరిపోదు. తన్మయ్ అగర్వాల్ లాంటి ఆటగాణ్ని ఏళ్లకేళ్లు ఒకే జట్టులో చూడొచ్చు. హైదరాబాద్ 1937-38లో, 1986-87లో రంజీ గెలిచింది. 2022-23లో గ్రూపులో అట్టడుగుకి పోయి ప్లేట్ అనే కింది అంచెకి దిగింది, మరుసటేడు ప్లేట్ గెలిచి పైకొచ్చింది. ఆ సీజన్లోనే తన్మయ్ అరుణాచల్ మీద 181 బంతుల్లో 366 కొట్టాడు. 1993-94లో ఎంవీ శ్రీధర్ ఆంధ్రా మీద కొట్టిందీ సరిగ్గా 366. ఆ ఇన్నింగ్స్‌లో హైదరాబాద్ చేసిన 944/6 రంజీల్లో ఇప్పటికీ అత్యధిక స్కోరు. అయితే ప్లేట్ బౌలింగ్ మీద వచ్చిన పరుగుల్ని చూసి పొంగిపోవద్దు. పై అంచె ఎలీట్‌లో కర్ణాటక, ముంబై లాంటి జట్ల మీద కొట్టే 90 నా లెక్కలో అంతకంటే బరువు.

కొత్తగా వచ్చేవాళ్లకి విసుగు పుట్టేది పాయింట్ల లెక్క తెలియక. పూర్తి గెలుపుకి 6, ఇన్నింగ్స్ తేడాతో గానీ 10 వికెట్లతో గానీ గెలిస్తే 7. డ్రా అయితే మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యం ఉన్నవాళ్లకి 3, లేనివాళ్లకి 1. గ్రూపులో 8 జట్లు, ఒక్కొక్కరికి 7 మ్యాచ్‌లే, అందులో సొంత రాష్ట్రంలో మూడో నాలుగో. కాబట్టి 3కీ 1కీ మధ్య ఉన్న ఆ రెండు పాయింట్లే క్వార్టర్స్‌కి ఎవరు వెళ్తారో తేల్చేస్తాయి. ఇది తెలిశాక, ఎనిమిది వికెట్లు పడ్డాక ఇంకా 25 పరుగులు కావాల్సిన స్థితిలో పదో నంబరువాడు ఆడే డిఫెన్స్ కూడా ఉత్కంఠగానే ఉంటుంది.

బోనస్_లైన్:
రంజీకి ఓపిక కావాలి, టీవీలో అన్ని మ్యాచ్‌లూ రావు కూడా. ఆదివారం ఒక్కటే ఖాళీ అంటున్నారు కాబట్టి ప్రో కబడ్డీలో మన తెలుగు టైటాన్స్‌ని చూడండి. నలభై నిమిషాల ఆట.

ఈ జట్టు మీద అభిమానం ఎందుకు పడిపోయిందో అందరికీ తెలుసు: 8, 9, 10 సీజన్లు మూడింటిలోనూ ఆఖరి స్థానం. పదో సీజన్‌కి స్టార్ రైడర్ పవన్ సెహ్రావత్‌ని 2.605 కోట్లకు కొన్నా గెలిచింది రెండే మ్యాచ్‌లు. ఎందుకంటే కబడ్డీలో ఔటైన రైడర్ (కూతకెళ్లేవాడు) తనంతట తాను తిరిగి రాలేడు. జట్టు తెచ్చే ఒక్కో టచ్ పాయింటుకో (అవతలివాణ్ని తాకితే వచ్చేది) టాకిల్ పాయింటుకో (రైడర్‌ని పట్టేస్తే వచ్చేది) ఒక్కొక్కరు, అదీ ఔటైన వరసలో లేస్తారు. బోనస్ గీత దాటితే వచ్చే పాయింటుకి ఎవరూ లేవరు. డిఫెన్స్ పట్టలేకపోతే కోటీశ్వరుడైనా బయట బెంచీ మీద కూర్చోవాల్సిందే. పాత స్టార్ రైడర్ రాహుల్ చౌదరి రోజుల నుంచీ ఇదే జబ్బు.

12వ సీజన్లో మారింది. విజయ్ మాలిక్, భరత్ హుడా రైడ్ల బరువు పంచుకున్నారు, జట్టు క్వాలిఫయర్ 2 దాకా వెళ్లి పుణెరి పల్టన్ చేతిలో ఓడింది. చూసేటప్పుడు స్కోరు కంటే మ్యాట్ మీద ఎంతమంది ఉన్నారో చూడండి. ఆరుగురు, ఆపైన డిఫెండర్లుంటేనే బోనస్ దొరుకుతుంది. ముగ్గురు, అంతకు తక్కువమంది ఉండి రైడర్‌ని పట్టేస్తే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. వరసగా రెండు ఖాళీ (పాయింట్ రాని) రైడ్ల తర్వాతది డూ ఆర్ డై, తేకపోతే రైడర్ ఔట్. ఈ మూడూ పట్టుబడితే చాలు, కామెంటరీ అక్కర్లేదు.

ఒక చిక్కుంది. లీగ్ మొత్తం ఊరూరా తిరుగుతుంది. 11వ సీజన్ గచ్చిబౌలిలో మొదలైంది. 12వది వైజాగ్, జైపూర్, చెన్నై, ఢిల్లీల్లోనే జరిగింది, హైదరాబాద్‌కి ఒక్క మ్యాచ్ కూడా రాలేదు. షెడ్యూల్ రాగానే వేదికలు చూసుకోండి.

గచ్చిబౌలి_గోల్:
ఫుట్‌బాల్ అడిగారు కాబట్టి ముందే చెప్తున్నా, మనసు పెట్టే ముందు క్లబ్బు ఇక్కడే ఉంటుందా అని చూసుకోండి. 2019లో పుణె సిటీ స్థానంలో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2021-22లో మనోలో మార్కెజ్ కోచింగ్‌లో కేరళని పెనాల్టీల్లో ఓడించి దేశంలో పై అంచె లీగ్ ఐఎస్ఎల్ గెలిచింది. 2022-23లో రెండో స్థానం. 2023-24లో జీతాల బకాయిలు, సీజన్ మొత్తంలో ఒకే గెలుపు. 2025లో ఢిల్లీకి మారి పేరు కూడా మార్చుకుంది. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన సిటీ పోలీస్ జట్టు ఊరు ఇది, కోచ్ రహీం సాబ్ ఊరు!

శ్రీనిధి డెక్కన్ క్లబ్బు ఉంది. ఐఎస్ఎల్ కింది అంచె అయిన ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 రెండుసార్లూ రెండో స్థానం. గ్రౌండు అజీజ్‌నగర్‌లో, బండి లేకుండా వెళ్లడం కష్టం.

మూలపాడు_ఎండ:
ఆంధ్రా జట్టుని ఎవరూ తలవలేదేం? 2023-24 రంజీలో దేశంలోకెల్లా ఎక్కువ పరుగులు రికీ భుయ్‌వే, 902. క్వార్టర్స్‌లో మధ్యప్రదేశ్ మీద 170 కొట్టాల్సింది 165కి ఆలౌట్, నాలుగు పరుగుల తేడా. ఇంతవరకు రంజీ గెలవని జట్టు కాబట్టి అభిమానికి ఆకలి ఎక్కువ.

వైజాగ్ పీఎం పాలెం స్టేడియం ఒక్కటే కాదు, విజయనగరంలోనూ మ్యాచ్‌లు పెడతారు. ఒంగోలు సీఎస్ఆర్ శర్మ కాలేజీ గ్రౌండులోనే 2015లో కేఎస్ భరత్ గోవా మీద 308 కొట్టాడు, రంజీల్లో ఒక వికెట్ కీపర్ చేసిన మొదటి ట్రిపుల్ అది. చిన్న గ్రౌండ్లలో నీడ తక్కువ. టోపీ, నీళ్లు, కూర్చోడానికి పాత దుప్పటి పట్టుకెళ్లండి. చుట్టుపక్కల తిండి దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. లోపలికి వెళ్లడానికి మాత్రం సాధారణంగా టికెట్ అక్కర్లేదు.

ఉప్పల్_వెస్ట్:
రంజీయే మొదలుపెడతా. నాలుగు రోజుల్లో ఒక్కరోజే వెళ్లగలిగితే ఏ రోజు వెళ్లాలి?

జింఖానా_944:
రెండో రోజు. కొన్ని రౌండ్లు శనివారం మొదలవుతాయి, అప్పుడు రెండో రోజు మీ ఆదివారమే. మొదటి రోజు 90 ఓవర్లు, 80 తర్వాత కొత్త బంతి తీసుకోవచ్చు. అంటే మొదటి జట్టు ఇంకా ఆడుతుంటే, రెండో ఉదయం బంతి పదే ఓవర్ల పాతది. 9:30కే సీటులో ఉండండి, మొదటి గంటలో తోకని (ఆఖర్న వచ్చే బౌలర్లని) తుడిచేస్తారో లేదో తేలిపోతుంది. లంచ్ 11:30కి, టీ 2:10కి, ఆట ముగిసేది 4:30కి. మొదటి జట్టు ఔటయ్యాక అవతలి జట్టు ఓపెనర్లు కొత్త బంతితో పడే అవస్థ చూడొచ్చు.

నాలుగో రోజు వెళ్లే పొరపాటు చాలామంది చేస్తారు. ఆధిక్యం తేలిపోయి గెలుపు ఆశ లేకపోతే టీ లోపే కెప్టెన్లు చేతులు కలిపేసి ఇంటికెళ్తారు. బయల్దేరే ముందు బీసీసీఐ సైట్‌లో స్కోరు చూసుకోండి, వేదిక కూడా. హైదరాబాద్ మ్యాచ్ అంటే ఉప్పలే అనుకోవద్దు, తన్మయ్ 366 కొట్టింది నెక్స్‌జెన్ గ్రౌండులో.

ఉప్పల్ అయితే మెట్రో స్టేడియం స్టేషన్ దగ్గరే. ఐపీఎల్ రాత్రుల్లో అమీర్‌పేట వైపు వెళ్లాలంటే ఒక స్టేషన్ వెనక్కి ఉప్పల్ దాకా నడిచి ఎక్కండి. రైలు నాగోల్ నుంచి వస్తుంది కాబట్టి అక్కడ ఇంకా చోటుంటుంది. రంజీకి ఆ బాధ లేదు.